ఫ్రిస్కోకి ముందు లెబనాన్: ఇళ్లతో సహా లేచిపోయిన ఊరు

విభాగం: డాలస్ తెలుగువాళ్లు › ఊళ్లు, చరిత్ర, పాత కబుర్లు

కొత్తకాపు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మేం డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో లెబనాన్ రోడ్డు పక్కన ఇల్లు కొనుక్కుని చేరాం. లెబనాన్ దేశానికీ మన రోడ్డుకీ ఏం సంబంధమా అని పక్కింటి పెద్దాయన్ని అడిగితే, "ఇక్కడ లెబనాన్ అనే ఊరుండేది, రైలు రాలేదని జనం ఇళ్లతో సహా వెళ్లిపోయారు" అన్నాడు. ఇళ్లతో సహా అంటే ఇంట్లో సామాన్లతో సహా అనా, నిజంగానే ఇళ్లు పీక్కుని వెళ్లారనా? ఆయన చెవులు సరిగా వినపడవు, మళ్లీ అడిగితే వాతావరణం గురించి చెప్పాడు.

ఇంతమంది తెలుగువాళ్లం ఇక్కడ ఉన్నాం, ఈ ఊరి కథ అడిగితే టోల్‌వే, స్కూల్ రేటింగులు, ఇంటి రేట్లు తప్ప ఇంకో మాట రాదు మన నోట. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లాటు ప్లీజ్

ఇందులో కథేముంది బ్రో. ముందు పొలం, తర్వాత పొలం అమ్మకం, తర్వాత మనం.

ప్రెయిరీ పంతులు

ప్లాటు గారు సరదాకి అన్నా, అందులో నిజం పాలు ఎక్కువే ఉంది. దాని సంగతి చివర్న చెప్తాను.

కొత్తకాపు గారూ, ఇళ్లతో సహా అంటే అక్షరాలా ఇళ్లతో సహానే. కాకపోతే అక్కడ మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. కాస్త వెనక్కి వెళ్దాం.

రోజూ మనం ట్రాఫిక్‌లో తిట్టుకునే ప్రెస్టన్ రోడ్డు ఉంది చూశారూ, ఈ చుట్టుపక్కల అన్ని ఊళ్లకన్నా అదే పాతది. 1840 ప్రాంతంలో టెక్సాస్ ఇంకా అమెరికాలో కలవలేదు, సొంత రిపబ్లిక్. ఆస్టిన్ నుంచి ఉత్తరాన రెడ్ రివర్ దాకా సైన్యం కోసం ఒక బాట వేయించారు. నది ఒడ్డున ప్రెస్టన్ అనే కోట, దాని చుట్టూ తర్వాత ఊరు. ఫ్రిస్కో దగ్గర ఆ బాట ఎత్తుగా ఉన్న గట్టు వెంబడే పోతుంది. దాన్నే ప్రెస్టన్ రిడ్జ్ అంటారు. కారులో పోతుంటే గట్టని తెలియదు గానీ, ఎద్దుబండికి తెలుస్తుంది. వాన పడితే కిందనున్న నల్లమట్టిలో చక్రం కదలదు. పైన నీళ్లు నిలవవు, అదీ కారణం.

తర్వాత దక్షిణ టెక్సాస్ నుంచి మిస్సోరీకి ఆవుల మందలు తోలుకుపోయేవాళ్లూ అదే బాట పట్టారు. షానీ ట్రైల్ అంటారు. గేలార్డ్ పార్క్‌వే దగ్గర సెంట్రల్ పార్కులో కంచు ఆవుల బొమ్మల పక్కన పిల్లల్ని నిలబెట్టి మనం ఫొటోలు తీసేది దాని గుర్తుగా పెట్టినవే. మందలతో పాటు టెక్సాస్ ఆవుల పిడుదులు కూడా పోయేవి. వాటి వల్ల మిస్సోరీలో స్థానిక పశువులకు జ్వరం తగిలి చచ్చిపోతుంటే, అక్కడి రైతులు తుపాకులు పట్టుకుని దారికి అడ్డం నిలబడ్డారు. 1867 తర్వాత మందలన్నీ పడమరగా చిజం ట్రైల్ మీదుగా కాన్సస్ వెళ్లడం మొదలైంది.

లెబనాన్ ఈ ప్రెస్టన్ గట్టు మీద వెలిసిన ఊరు. ఇప్పటి ఫ్రిస్కో పాత డౌన్‌టౌన్‌కి నాలుగు మైళ్ల దూరం. 1860లోనే పోస్టాఫీసు వచ్చింది. ఈ వైపు చేరినవాళ్లలో చాలామంది టెన్నెసీ, కెంటకీ, మిస్సోరీల నుంచి వచ్చిన రైతులు. టెన్నెసీలోనూ ఒక లెబనాన్ ఉంది. మీరడిగిన దేశంతో దీనికి చుట్టరికం లేదు.

గోదారోడు

ఆ ప్రెస్టన్ ఊరు ఇప్పుడెక్కడుంది సార్? రోడ్డు పట్టుకుని పైకి పోతే వస్తుందా?

ప్రెయిరీ పంతులు

రాదండీ. రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టాక 1944లో లేక్ టెక్సోమా నీళ్ల కింద మునిగింది. మనం వీకెండ్‌లో బోటింగ్‌కి పోతామే, అదే.

గోదారోడు

మాది దేవీపట్నం వైపు. ఇంకేం అడగను.

ప్లేనో పాతకాపు

బాట సంగతి పంతులు గారు చెప్పారు, భూమి ఎవరిచ్చారో నేను చెప్తాను. ఇది నాకిష్టమైన గొడవ.

1841లో టెక్సాస్ రిపబ్లిక్ ఖజానాలో చిల్లిగవ్వ లేదు, భూమి మాత్రం బోలెడు. డబ్ల్యూ. ఎస్. పీటర్స్ అనే ఆయన, ఇంకొందరు పెట్టుబడిదారులు కలిసి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. జనాన్ని తెచ్చి ఇక్కడ దింపడం కంపెనీ పని, దానికి బదులు కంపెనీకి భూమి ముడుతుంది. పెళ్లయినవాడికి 640 ఎకరాలు, ఒంటరి మగాడికి 320. ఊరికే ఇవ్వలేదు: గుడిసె వేసుకుని అందులో ఉండాలి, 15 ఎకరాలకు కంచె కట్టి దున్నాలి. పైగా చేసిన సేవలకు గాను సెటిలర్ వాటాలో సగం దాకా కంపెనీ పట్టుకోవచ్చని రాసుకున్నారు. ఇదే పీటర్స్ కాలనీ. పక్కనున్న 'ది కాలనీ' ఊరి పేరు అక్కడిదే.

ఇక గొడవ. పట్టాల చిక్కు ఏళ్ల తరబడి నలిగింది. 1852లో కంపెనీ ఏజెంటు హెన్రీ హెడ్జ్‌కాక్స్, జూలై 4 లోపు మీ మీ హక్కులు నా దగ్గర రుజువు చేసుకోండని ప్రకటన ఇచ్చాడు. పదేళ్లుగా దున్నుకుంటున్నవాడికి అది ఎలా వినపడుతుంది? జూలై మధ్యలో డాలస్‌లో జనం మీటింగు పెట్టుకుని, వంద మంది దాకా ఆయుధాలు పట్టుకుని జాన్ గుడ్ అనే లాయరు వెనకాల మన కాలిన్ కౌంటీలోని ఏజెంటు ఆఫీసు మీదకి వచ్చారు. వాళ్లు వచ్చేసరికే ఆయన తప్పించుకున్నాడు. రికార్డులన్నీ ఎత్తుకెళ్లి డాలస్ కోర్టులో పెట్టారు. ఒక్కరూ చావలేదు, అయినా చరిత్రలో హెడ్జ్‌కాక్స్ యుద్ధం అనే రాస్తారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దిగొచ్చి చట్టం సవరించింది.

ప్లేనోలో హెడ్జ్‌కాక్స్ రోడ్డు మీద ఇండియన్ గ్రాసరీకి పోయేవాళ్లంతా ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోండి. తరిమిన ఏజెంటు పేరే రోడ్డుకి మిగిలింది!

ప్లాటు ప్లీజ్

వెంచర్ వేసినవాడు రికార్డులు దగ్గర పెట్టుకుని కొన్నవాళ్లని తిప్పించుకోవడం... మా మేడ్చల్ సైడు ఇవాళ్టికీ ఇదే సార్.

ఓరుగల్లు పిల్ల

అందరూ "ఖాళీ భూమి ఇచ్చారు" అన్నట్టు రాస్తున్నారు. ఖాళీ ఎక్కడిది? ఈ ప్రాంతంలో అమెరికా మూలవాసులైన కాడో, విచిటా జాతులవాళ్లు ఉండేవాళ్లు, కొమాంచీలు వచ్చిపోయేవాళ్లు. సరిగ్గా ఆ 1841లోనే, మే నెలలో, ఇప్పటి ఆర్లింగ్టన్ దగ్గర విలేజ్ క్రీక్ ఒడ్డున వాళ్ల పల్లెల మీద టెక్సాస్ దళం పడింది. వరసగా ఉన్న పల్లెల్ని తగలబెట్టింది. పీటర్స్ ఒప్పందం అయ్యింది ఆగస్టులో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి తెలుస్తుంది. 1843లో బర్డ్స్ ఫోర్ట్ దగ్గర ఒడంబడిక రాసుకున్నారు, వాణిజ్యం, సరిహద్దు అన్నీ అందులో ఉన్నాయి. 1859 వచ్చేసరికి బ్రజోస్ నది దగ్గర రిజర్వేషన్‌లో (మూలవాసులకని కేటాయించిన భూమిలో) ఉన్న మిగతావాళ్లని కూడా రెడ్ రివర్ దాటించేశారు.

ఇంకోటి. 1860 లెక్కల్లో కాలిన్ కౌంటీ జనాభా తొమ్మిది వేల పైచిలుకు, అందులో వెయ్యి మందికి పైగా బానిసలు. తూర్పు టెక్సాస్‌తో పోలిస్తే తక్కువే, ఎందుకంటే అప్పటికి ఇక్కడ పత్తి తక్కువ, గోధుమ, పశువులు ఎక్కువ. 1861లో అమెరికా నుంచి విడిపోదామా అని ఓటు పెడితే ఈ కౌంటీ వద్దంది కూడా. అదేదో బానిసల మీద ప్రేమతో కాదు. సరిహద్దు కౌంటీ, యుద్ధమొస్తే ముందు తగిలేది వీళ్లకే.

కొత్తకాపు

ఓరుగల్లు గారూ, ఇది రాసినందుకు థాంక్స్. స్కూలు ప్రాజెక్టుకి మా అమ్మాయి తెచ్చిన పేజీలో "పయనీర్లు వచ్చారు" అన్న చోట నుంచే కథ మొదలైంది. రేపు ఈ పేరా దానికి చదివి వినిపిస్తాను.

సరే, రైలు?

రైలుపిచ్చి

నా వంతు వచ్చింది!

1872లోనే హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ రైలు ప్లేనోకి, మెకిన్నీకి వచ్చింది. అంటే తూర్పున ఉన్న ఊళ్లు అప్పుడే లేచాయి. లెబనాన్ రైతు మాత్రం పత్తి బేళ్లని బండిలో వేసుకుని పది పన్నెండు మైళ్లు ఈడ్చాలి. పండిన ధరలో ఆ దూరం ఎంత తినేస్తుందో ఊహించుకోండి. ఇలా ముప్పై ఏళ్లు.

1902కి సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే రెడ్ రివర్ వైపు నుంచి ఈ ప్రాంతం గుండా కొత్త లైను తెచ్చింది. అందరూ ఫ్రిస్కో లైన్ అనేవాళ్లు. (ఆ కంపెనీ రైలు శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఏనాడూ పోలేదు, అది వేరే కామెడీ.) లెబనాన్‌వాళ్లు మన ఊరి మీదుగానే వస్తుందని కాచుకు కూర్చున్నారు. రాలేదు.

ఎందుకంటే ఆవిరి ఇంజనుకి బొగ్గు ఎంత ముఖ్యమో నీళ్లు అంతకంటే ముఖ్యం. పాతిక, ముప్పై మైళ్లకి ఒకచోట ట్యాంకు నింపుకోకపోతే బండి నిలిచిపోతుంది. అందుకని దారి పొడుగునా నీళ్లు నిలిచే చోట్లు కంపెనీకి కావాలి. లెబనాన్ గట్టు మీద ఉంది. ఎద్దుబండికి ఏ ఎత్తు మంచిదో, రైలుకి అదే చెడ్డది: బండి పైకి ఎక్కాలి, నీళ్లేమో పైన దొరకవు. కాబట్టి లైను నాలుగు మైళ్లు పడమరగా, పల్లంలోకి పోయింది. అక్కడ స్టేషను, అక్కడే ఊరు.

తెనాలి టెకీ

అన్నీ బాగున్నాయి గానీ, ఇంటిని నాలుగు మైళ్లు లాగారంటే నేను నమ్మను. నా ఇంటి ఫౌండేషన్ ఓ మూల అర అంగుళం దిగితే రిపేరు కొటేషన్ చూసి నాకు బీపీ వచ్చింది. ఇల్లు లాగితే గోడలు ఉంటాయా?

ప్రెయిరీ పంతులు

మీ ఇల్లు కాంక్రీట్ స్లాబు మీద కూర్చుంది. అది కదలదు, కదిలితే పగులుతుంది. వాళ్ల ఇళ్లు అలా కాదు.

మొత్తం చెక్క. ఆ చెక్క ఇంటిని నేలకి ఆనించేవాళ్లు కాదు, మొద్దుల మీద నిలబెట్టేవాళ్లు. ఆ మొద్దులు బోడార్క్ చెట్టువి. వాగుల పక్కన ఇప్పటికీ కనిపిస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో మెదడులా ముడతలు పడ్డ పచ్చటి పెద్ద కాయలు రాలుస్తుంది. దాని చేవ పసుప్పచ్చగా ఉంటుంది, గొడ్డలి వేస్తే తిరగబడుతుంది, చెద పట్టదు, తడి మట్టిలో ఏళ్ల తరబడి ఉన్నా కుళ్లదు. ముళ్ల తీగ రాకముందు దాన్నే దగ్గర దగ్గరగా నాటి పొలాలకు కంచె చేసుకున్నారు. డాలస్‌లో పాత రోజుల్లో వీధులకు పరిచింది కూడా దాని దిమ్మలే.

అంచేత ఇల్లు లాగాలంటే: చుట్టూ జాకీలు పెట్టి మెల్లగా మొద్దుల మీంచి పైకి లేపుతారు. కింద పొడుగాటి దూలాలు దూరుస్తారు. దూలాల కింద గుండ్రటి దుంగలు. ముందు కంచర గాడిదలో, ఆవిరి ట్రాక్టరో. ఇల్లు జరిగేకొద్దీ వెనకాల విడిచిన దుంగ తీసుకెళ్లి ముందు పెడుతుంటారు. ఎండిపోయిన కాలంలో చెయ్యాలి, తడి నల్లమట్టిలో గుంజితే దుంగలే దిగబడిపోతాయి. ఇటుక పొగగొట్టం ముందే విప్పేస్తారు, అదొక్కటే పగిలేది.

నమ్మకం కలగకపోతే ఫ్రిస్కో హెరిటేజ్ మ్యూజియం పక్కన పాత ఇళ్లు నిలబెట్టారు, వెళ్లి వంగి కింద చూడండి.

తెనాలి టెకీ

సరే, నమ్మాను. నా స్లాబుకి మాత్రం ఏం లాభం.

నల్లరేగడి

టెకీ గారూ, స్లాబు బాధ అందరిదీ. మాది ప్రకాశం జిల్లా, ముప్పై ఎకరాల నల్లరేగడి మీద బతికిన కుటుంబం. నాన్న మొదటిసారి ఆగస్టులో వచ్చారు. పెరట్లో లాన్ పక్కన నేల నెర్రెలిచ్చి ఉంటే, ఓ కర్రపుల్ల తీసుకుని లోపలికి దించారు. మూరెడు దిగింది. "ఇది పత్తి భూమి రా. దీని మీద ఇళ్లెలా కట్టారు?" అన్నారు.

రెండూ ఒకటే మట్టండీ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. అందుకే ఇక్కడ ఎండాకాలం ఇంటి చుట్టూ సోకర్ హోస్ వేసి పునాదికి నీళ్లు పెట్టమంటారు. మా అమ్మకి నవ్వాగలేదు, ఇంటికి నీళ్లు పెట్టడమేంటని. ఈ మట్టిని ఇక్కడి పాత రైతులు 'బ్లాక్ వ్యాక్సీ' అనేవాళ్లు, మైనంలా అంటుకుంటుందని. దాని కింద తెల్లటి సున్నపురాయి.

మొదట వచ్చినవాళ్లు ఈ భూమిని అంత తొందరగా దున్నలేదు కూడా. మనిషెత్తు గడ్డి, దాని వేళ్లు భూమిలోకి మనిషిలోతు. ఆ వేళ్ల దుప్పటి కొయ్యాలంటే ఉక్కు నాగలి ఉండాలి, దానికి నాలుగైదు జతల ఎద్దులు కట్టాలి. అందుకని వాగుల ఒడ్డున, చెట్లున్న చోట ముందు దిగారు. స్టీవర్ట్ క్రీక్, పాంథర్ క్రీక్ వైపు. కట్టెలు, నీళ్లు, గుడిసెకి కలప అక్కడే. తర్వాత ముళ్ల తీగ, మంచి నాగళ్లు, రైలు ఒకదాని వెనక ఒకటి వచ్చాక ప్రెయిరీ మొత్తం పత్తి అయింది. ఆ గడ్డి భూముల్లో ఇప్పుడు మిగిలింది నూటికి ఒక వంతు కూడా లేదు.

అమెరికా అత్తయ్య

నాయనలారా, అందరూ రైళ్లూ నాగళ్లూ రాస్తున్నారు. ఆ గట్టు మీద నీళ్లు లేవంటున్నారు కదా, మరి ఇంట్లో ఆడవాళ్లు నీళ్లెక్కడ తెచ్చుకున్నారు? ఆ మట్టి కాళ్లకంటితే గుమ్మం దగ్గర ఎన్ని బిందెలు కావాలి!

నల్లరేగడి

మంచి ప్రశ్న అత్తయ్యా. పైకప్పు మీద పడ్డ వాననీళ్లని గొట్టాలతో ఇంటి పక్క నేలలో తవ్విన తొట్టెలోకి పంపేవాళ్లు. సిస్టర్న్ అంటారు. వాన బాగా పడి కప్పు కడిగాక గానీ గొట్టం తొట్టెలోకి తిప్పేవాళ్లు కాదు, మొదటి నీళ్లలో దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయని. ఎండాకాలం అది అడుగంటితే పీపాలు బండికెక్కించి వాగుకి పోవడమే. బావి తవ్వాలంటే కింద సున్నపురాయి కొట్టాలి. గుమ్మం బయట ఇనప పట్టీ ఒకటి పాతి ఉండేది, చెప్పుల మట్టి గీక్కోవడానికి. అది మ్యూజియంలో చూడండి.

అమెరికా అత్తయ్య

అదీ అసలు సంగతి. మా కోడలికి చూపిస్తా, డిష్‌వాషర్ పాడైందని రెండ్రోజులుగా టెన్షన్ పడుతోంది.

రైలుపిచ్చి

మళ్లీ 1902కి వస్తే. ఫిబ్రవరిలో రైల్వే వాళ్ల అనుబంధ సంస్థ బ్లాక్‌ల్యాండ్ టౌన్‌సైట్ కంపెనీ స్థలాల వేలం పెట్టింది. వీధులు గీతల్లో మాత్రమే ఉన్నాయి. ముందు మ్యాపు, తర్వాత కొనుగోలుదారులు, ఆ తర్వాత ఊరు.

పేరు ఎమర్సన్ అని పెట్టారు, మెకిన్నీలో బ్యాంకరు ఫ్రాన్సిస్ ఎమర్సన్ పేరు మీద. స్థలం ఆయనదే. టెక్సాస్‌లో అప్పటికే ఎంబర్సన్ అనే ఊరుందని, ఉత్తరాలు కలగాపులగం అవుతాయని పోస్టల్ శాఖ ఒప్పుకోలేదు. అప్పుడు రైల్వే పేరే పట్టుకుని ఫ్రిస్కో సిటీ అన్నారు. 1904కల్లా పేరులోంచి 'సిటీ' రాలిపోయింది. 1908లో మునిసిపాలిటీ అయ్యింది, మొదటి మేయరు డాక్టర్ ఐ. ఎస్. రోజర్స్.

సెలైనా సుబ్బు

ఇదే లైను మీద మా సెలైనా కథ కూడా ఇంతే. పాత సెలైనా మైలు దూరంలో ఉండేది. 1902లో దుకాణాల్ని దుంగల మీద పెట్టి ట్రాక్టర్లతో ఈడ్చి స్టేషన్ పక్కకి తెచ్చుకున్నారు. ప్రాస్పర్‌దీ అంతే, రెండు చిన్న పల్లెలు రైలు పక్కన ఒకటయ్యాయి. వాళ్లు రిచ్‌లాండ్ అని పేరడిగితే అది అప్పటికే ఇంకొకరికి ఉంది. ఆ ఏడు పంటలు దండిగా పండాయట, పోస్టుమాస్టరు ప్రాస్పర్ అని పెట్టమన్నాడు.

ప్లాటు ప్లీజ్

ప్రాస్పర్‌లో రేట్లు చూస్తే పోస్టుమాస్టరు జ్యోతిష్యుడే.

ఓరుగల్లు పిల్ల

మరి లెబనాన్‌లో మిగిలినవాళ్లు? అందరికీ ఇల్లు లాగించే స్తోమత ఉంటుందా?

ప్రెయిరీ పంతులు

ఉండదు. లాగింది ముందుగా దుకాణదారులు, కాస్త కలిగినవాళ్లు. స్థలం కొనాలి, లాగేవాడికి ఇవ్వాలి. కౌలు రైతు ఇల్లు ఎలాగూ అతనిది కాదు. అందుకే నేను మొదట ప్లాటు గారి మాటలో నిజముందన్నాను. ఫ్రిస్కోని రైలు కట్టిందని పుస్తకాల్లో రాస్తారు. నా లెక్కలో రైలు కట్టలేదు, స్థలాలు అమ్మిన కంపెనీ కట్టింది. రైల్వే కంపెనీకి టిక్కెట్ల మీద వచ్చేది తర్వాత, ముందు వచ్చేది స్థలాల మీద. గట్టు మీద నలభై ఏళ్లుగా ఉన్న ఊళ్లో స్టేషన్ పెడితే అమ్ముకోవడానికి ఏముంది? అక్కడి భూమి అప్పటికే వాళ్లూ వీళ్లూ పంచుకున్నారు. నీళ్ల కారణం నిజమే, కాదనను. కానీ నీళ్లున్న పల్లం, ఒకే చేతిలో ఉన్న పొలం ఒకే చోట దొరకడం కంపెనీకి బాగా కలిసొచ్చింది.

రైలుపిచ్చి

పంతులు గారూ, గౌరవంగానే విభేదిస్తున్నా. స్థలాల కోసమే అయితే ఇంకా పడమరగా చవక భూమి ఉంది. ఇంజనీరు ముందు చూసేది వాలు, నీళ్లు. వాలు చెడితే ప్రతి బండి, ప్రతి రోజూ బొగ్గు ఎక్కువ తింటుంది. స్థలాల డబ్బు ఒక్కసారే వస్తుంది, వాలు ఖర్చు లైను ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఆ లైను మీద ఇప్పటికీ గూడ్సు బండ్లు నడుస్తున్నాయి, అప్పటి కంపెనీ 1980లోనే బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయినా.

ప్రెయిరీ పంతులు

ఇద్దరం ఒకే మ్యాపు చూసి చెరో మాట అంటున్నాం. సరే, అలాగే ఉండనివ్వండి.

నల్లరేగడి

మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. కంపెనీ స్థలాలు అమ్మి వెళ్లిపోయింది, ఊరిని నిలబెట్టింది మాత్రం పత్తే. జిన్నుకి (పత్తిలోంచి గింజ తీసే మిల్లుకి) బండి వస్తే పదిహేను వందల పౌన్ల గింజ పత్తికి ఐదు వందల పౌన్ల బేలు ఒకటి. శరదృతువులో బండ్లు బారులు తీరతాయి. తూకం అయ్యేదాకా రైతు ఊళ్లో ఏం చేస్తాడు? అప్పు తీరుస్తాడు, కొత్త అప్పు చేస్తాడు, భార్యకి గుడ్డ కొంటాడు. మెయిన్ స్ట్రీట్ దుకాణాలు బతికింది అలా.

పత్తి దెబ్బతింటే ఊరూ అంతే. జనాభా లెక్కలు చూడండి: 1910లో 332, 1920లో 733, 1930లో 618. పెరిగి తగ్గింది! మెక్సికో నుంచి 1890లలో టెక్సాస్‌లోకి దిగిన బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు, 1920లో కుప్పకూలిన పత్తి ధర, ఆ వెనక మహా మాంద్యం (డిప్రెషన్). 1950లో 736. అంటే ముప్పై ఏళ్లలో పెరిగింది ముగ్గురు. మా ఊళ్లోనూ పత్తి ధర పడ్డ ఏడు పెళ్లిళ్లు ఆగిపోయేవి, నాకీ అంకెలు వేరేగా చెప్పక్కర్లేదు.

తెనాలి టెకీ

ముప్పై ఏళ్లకి ముగ్గురా! మా కల్-డి-సాక్‌లో నెలకి ముగ్గురు పుడుతున్నారు.

ప్లేనో పాతకాపు

మిగతా అంకెలు కూడా రాసేయండి ఎవరైనా, ఈ లోపు నేను రాస్తా. 1970లో 1,845. 1990లో ఆరు వేలు దాటింది. 2000లో 33,714, 2010లో 116,989, 2020లో రెండు లక్షలు దాటింది. టోల్‌వే పైకి రావడం, 2000లో స్టోన్‌బ్రయర్ మాల్, పక్కన ప్లేనోలో పెద్ద కంపెనీల ఆఫీసులు, ఈ భాగం అందరికీ తెలిసిందే. 2003 దాకా ఊరి మొత్తానికి ఒక్కటే పబ్లిక్ హైస్కూలంటే మన పిల్లలు నమ్మరు, ఇప్పుడు ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టులో పన్నెండు.

తెలియనిది ఒకటి చెప్తా. పాత డౌన్‌టౌన్‌కి దగ్గర్లోనే 1960ల నుంచి పాత బ్యాటరీల సీసం కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. 2012లో మూతపడింది. అప్పటికి ఊళ్లో జనం లక్ష దాటారు. సగం మంది ఇళ్లు కొనేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అడగాలని మనకీ తట్టలేదు.

సెలైనా సుబ్బు

నీళ్ల కథ కూడా తిరిగి అక్కడికే వచ్చింది చూడండి. ఇంజను ట్యాంకు పోయి ఇప్పుడు ఇంటి స్ప్రింక్లర్ వచ్చింది. 1951లో పెట్టిన నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ లేక్ లావన్ నుంచి నీళ్లు ఇవ్వకపోతే ఈ ఇళ్లలో ఒక్కటి లేదు.

కొత్తకాపు

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ దండాలు. ఇండిపెండెన్స్ పార్క్‌వే మీద కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోయేటప్పుడు ఆ చుట్టూ ఇళ్లు చూసి ఎప్పుడూ ఇలాగే ఉందనిపించేది. అదంతా పత్తి చేలే అన్నమాట.

వచ్చే శనివారం హెరిటేజ్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్తున్నాం. ఎవరైనా వస్తే కలుద్దాం. టెకీ గారు తప్పక రావాలి, వంగి చూడాలి కదా.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఫ్రిస్కో హైస్కూలు టీము బొమ్మ రకూన్ ఏంటి? పులో, డేగో పెట్టుకోకుండా?

రైలుపిచ్చి

అదీ రైలు చలవే అంటారు. ఫ్రిస్కో రైల్వే చిహ్నం చూశారా, నాలుగు మూలలా లాగి పట్టినట్టు వంకరగా ఉంటుంది. మిస్సోరీలో ఒక స్టేషన్ గోడకి రకూన్ తోలు మేకులు కొట్టి ఆరేసి ఉంటే, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు చూసి ఆ ఆకారం ఖాయం చేశాడని రైల్వేవాళ్ల కథ. శనివారం నేనూ వస్తాను, అక్కడ బోర్డు మీద చూపిస్తా.

తెనాలి టెకీ

వస్తాను. టార్చ్ తెస్తున్నా.